కొలతకు యజమాని ఒక్కరే

భవనం చుట్టూ మెరిసే అద్దాల గోడ ఆ భవనాన్ని మోయదు. బరువంతా లోపలి స్తంభాలు, దూలాలు, శ్లాబులే మోస్తాయి. అద్దాలు, వాటిని పట్టుకున్న అల్యూమినియం చట్రాలు శ్లాబు అంచులకు బ్రాకెట్లతో తగిలించి ఉంటాయి. తమ బరువునూ తమ మీద పడే గాలి ఒత్తిడినీ శ్లాబుకు అప్పగించడం, ఎండావానలను బయటే ఆపడం, ఇంతే ఆ గోడ పని. నిర్మాణరంగంలో దీన్ని కర్టెన్ వాల్ అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1918లో విల్లిస్ పోక్ కట్టిన హాలిడీ బిల్డింగ్ ఈ పద్ధతికి తొలినాటి ఉదాహరణల్లో ఒకటి. న్యూయార్క్‌లో 1952లో లీవర్ హౌస్ పూర్తయ్యాక ప్రపంచంలోని ఆఫీసు భవనాలు ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు తొడుక్కున్నాయి. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ, గచ్చిబౌలి రోడ్ల మీద మనం రోజూ చూస్తున్నది ఆ వరసలో వచ్చిందే.

దూరం నుంచి చూస్తే ఈ గోడ ఒకే పలక. దగ్గరికి వెళితే అది పొరలు పొరలుగా ఉంటుంది. నిలువు కమ్ములు ములియన్లు, అడ్డ కమ్ములు ట్రాన్సమ్‌లు. ఇవి గళ్లు గీస్తాయి. ప్రతి గడిలో ఒక ప్యానెల్ కూర్చుంటుంది. ఆ ప్యానెల్ కొన్నిచోట్ల ఒట్టి అద్దం. కొన్నిచోట్ల దానిలో ఒక చట్రం, చట్రంలో రెండు కిటికీ రెక్కలు, ఒక్కో రెక్కలో ఒక అద్దం, దాని చుట్టూ రబ్బరు పట్టీ ఉంటాయి. గోడలో గడి, గడిలో ప్యానెల్, ప్యానెల్‌లో చట్రం, చట్రంలో రెక్క. ఒకదానిలో ఒకటి ఇమిడిన నాలుగు అంచెలు ఇవి.

ఇప్పుడొక చిన్న ప్రశ్న. రెక్క వెడల్పును ఎవరు నిర్ణయిస్తారు? రెక్కా, చట్రమా, ప్యానెలా, గడా, గోడా? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేకపోతే కంప్యూటర్‌లో నమూనా విరిగిపోతుంది. నిజం గోడలోనైతే అద్దమే పగులుతుంది. ఈ అధ్యాయమంతా ఆ జవాబు గురించే.

గీత మాట వినడం ఎప్పుడు మొదలైంది

కాగితం మీద గీసిన దీర్ఘచతురస్రానికి తాను దీర్ఘచతురస్రమని తెలియదు. ఒక మూల చెరిపి పక్కకు జరిపి గీస్తే మిగతా మూడు మూలలు ఉన్నచోటే ఉంటాయి. గీతకు ఆ తెలివి ఇచ్చిన మొదటి మనిషి ఐవన్ సదర్లాండ్. ఎం.ఐ.టి.లో డాక్టరేట్ కోసం ఆయన 1963లో సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం లింకన్ లాబొరేటరీలోని టి.ఎక్స్-2 కంప్యూటర్ మీద నడిచింది. తెర మీద లైట్ పెన్‌తో వంకరటింకరగా నాలుగు గీతలు గీసి, పక్కపక్క భుజాలు లంబంగా ఉండాలని చెబితే చాలు, బొమ్మ తనంతట తానే సర్దుకుని దీర్ఘచతురస్రం అయ్యేది. ఇలా ‘ఇది ఇలాగే ఉండాలి’ అని చెప్పే షరతునే ఈ అధ్యాయంలో కట్టుబాటు అందాం.

స్కెచ్‌ప్యాడ్‌లో మరో గొప్ప ఆలోచన ఉంది. ఒక అసలు బొమ్మ గీసి దానికి ఎన్ని ప్రతులైనా పెట్టుకోవచ్చు. అసలు బొమ్మను మారిస్తే ప్రతులన్నీ మారతాయి. ఒక బొమ్మ ప్రతిని మరో బొమ్మ లోపలా పెట్టవచ్చు. ఒకదానిలో ఒకటి ఇమిడే ప్యానెల్‌కు పునాది అక్కడే పడింది. 1988లో సదర్లాండ్‌కు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

ఎం.ఐ.టి. ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలోనే 1985లో శామ్యూల్ గైస్‌బర్గ్ స్థాపించిన పారామెట్రిక్ టెక్నాలజీ కార్పొరేషన్ ఈ ఆలోచనను యంత్రభాగాల రూపకల్పనకు తెచ్చింది. ఆ సంస్థలో పనిచేసిన లియొనిడ్ రైజ్, అర్విన్ జంగ్రైస్ 1997లో చార్ల్స్ రివర్ సాఫ్ట్‌వేర్ పెట్టి, భవనాల కోసం రెవిట్‌ను తయారుచేశారు. 2000లో అది మార్కెట్‌లోకి వచ్చింది. 2002లో ఆటోడెస్క్ దాన్ని కొనుక్కుంది. ఈనాడు హైదరాబాద్‌లోని డిజైన్ ఆఫీసుల్లో కూర్చుని ఇక్కడి భవనాలకూ, గల్ఫ్, అమెరికా, బ్రిటన్ భవనాలకూ నమూనాలు చేస్తున్న మన పిల్లల్లో చాలామంది చేతుల్లో ఉన్నది ఈ సాఫ్ట్‌వేరే.

ఎనిమిది సంఖ్యల లెక్క

కట్టుబాట్లు ఎన్ని ఉండాలి? దీనికి ఊహ అక్కర్లేదు, లెక్క ఉంది.

కాగితం మీద నాలుగు మూలలు పెట్టండి. ఒక్కో మూలకు అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత ఎత్తు అని రెండేసి సంఖ్యలు కావాలి. మొత్తం ఎనిమిది. అంటే ఈ నాలుగు చుక్కలు ఎనిమిది రకాలుగా కదలగలవు. భౌతికశాస్త్రంలో దీన్నే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. పై గీత, కింది గీత అడ్డంగా ఉండాలంటే రెండు కట్టుబాట్లు. ఎడమ, కుడి గీతలు నిలువుగా ఉండాలంటే మరో రెండు. ఎనిమిదిలో నాలుగు పోయి నాలుగు మిగిలాయి. ఎడమ అంచు ఎక్కడ, కుడి అంచు ఎక్కడ, కింది అంచు ఎక్కడ, పై అంచు ఎక్కడ అన్నవే ఆ నాలుగు.

కర్టెన్ వాల్‌లో గడి సరిగ్గా ఈ నాలుగింటినీ తానే చెప్పేస్తుంది. ఎడమ గీత, కుడి గీత, పైగీత, కింది గీత గోడ గళ్లే. ఎనిమిది సంఖ్యలకు ఎనిమిది షరతులు కుదిరాయి. మిగిలిన స్వేచ్ఛ సున్నా. ఇక ప్యానెల్ తన వెడల్పు గురించి మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

ఇక్కడే కొత్తగా నేర్చుకునేవారు తడబడతారు. ప్యానెల్ తయారుచేస్తూ అలవాటుకొద్దీ ఎడమ అంచును సూచించే తలానికీ కుడి అంచును సూచించే తలానికీ మధ్య ఒక కొలత గీసి, దానికి ‘వెడల్పు’ అని పేరుపెట్టి, 1500 మిల్లీమీటర్లు అని రాస్తారు. ఇప్పుడు షరతులు తొమ్మిది, సంఖ్యలు ఎనిమిదే. గోడ గడి కూడా 1500 అయితే రెండు షరతులూ ఒకే మాట చెబుతాయి కాబట్టి పైకి ఏ గొడవా కనిపించదు. నమూనా అందంగా తెర మీద నిలుస్తుంది. వారం తర్వాత ఆర్కిటెక్ట్ స్తంభాల మధ్య దూరం మారుస్తారు, గడి 1350 అవుతుంది. గడి 1350 అంటుంది, ప్యానెల్ 1500 అంటుంది. కట్టుబాట్లు కుదరడం లేదని సాఫ్ట్‌వేర్ హెచ్చరిక పెట్టెను తెర మీదికి తెస్తుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

ఈ లోపం స్వభావం గమనించండి. తొమ్మిదో షరతు పెట్టిన రోజున తప్పు బయటపడదు. సంఖ్యలు యాదృచ్ఛికంగా కలిసినంత కాలం దాగి ఉంటుంది. ఎవరో, ఎక్కడో, ఒక అంకె మార్చిన రోజున బయటికి వస్తుంది. అప్పటికి అదే ప్యానెల్ గోడంతా పరుచుకుని ఉంటుంది.

షరతుల మొత్తం సరిపోతే చాలదు కూడా. కడ్డీలూ కీళ్లూ కలిపిన చట్రం కదలకుండా నిలవాలంటే ఎన్ని కడ్డీలు కావాలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1864లోనే లెక్కవేసి చూపాడు. తలంలో నాలుగు కీళ్లకు అయిదు కడ్డీలు కావాలి. నాలుగు భుజాలు, ఒక కర్ణం. అయితే ఆ లెక్కకు మరో సగం ఉంది. కడ్డీల సంఖ్య మొత్తం మీద సరిగ్గా ఉన్నా, ఒక మూల ఎక్కువై మరో మూల తక్కువైతే చట్రం ఊగుతుంది. ఏ భాగంలోనూ అవసరానికి మించి కడ్డీలు ఉండకూడదన్న ఈ రెండో సగాన్ని హిల్డా గైరింగర్ 1927లో నిరూపించింది. 1970లో గెరార్డ్ లామన్ విడిగా మళ్లీ కనుగొన్నాడు. నేడు దీనికి ఎక్కువగా లామన్ పేరే వాడతారు.

మన ప్యానెల్‌కు దీని అర్థం సూటిగా ఉంది. వెడల్పును రెండుసార్లు బిగించి ఎత్తును బిగించడం మరిచిపోతే లెక్క ఎనిమిదికి ఎనిమిదీ సరిపోతుంది. గోడ ఎత్తు పెరిగినప్పుడు మాత్రం అద్దం పైకి రాక కింద ఆగిపోతుంది. వెడల్పు మారినప్పుడు నమూనా మొరాయిస్తుంది. రెండు లోపాలూ ఒకే ప్యానెల్‌లో ఉంటాయి.

చదివే కొలత, శాసించే కొలత

లోపలి అంచెలకు వెళదాం. 1500 గడిలో చుట్టూ 50 మిల్లీమీటర్ల చట్రం, మధ్యలో 50 మిల్లీమీటర్ల నిలువు కమ్మి, రెండు రెక్కలు కావాలి. ములియన్ మందాన్ని ప్రస్తుతం పక్కన పెడదాం. మొత్తం వెడల్పులోంచి మూడు యాభైలు తీసేసి రెండుతో భాగిస్తే ఒక్కో రెక్క 675 అవుతుంది. గడి 1350 అయితే రెక్క 600. సూత్రం తేలికే. చిక్కంతా ఒక్కటే: రెక్కకు ఈ లెక్క చెప్పాలంటే ముందు ప్యానెల్‌కు తన వెడల్పు తెలియాలి. వెడల్పు కొలతను బిగిస్తేనేమో గడితో తగాదా.

దీనికి రెవిట్‌లో రిపోర్టింగ్ పారామీటర్ అనే సాధనం ఉంది. ఇది కొలతే, కానీ శాసించదు. రెండు తలాల మధ్య ఎంత దూరం ఉందో చదివి చెబుతుంది, అంతే. గడి 1350 అయితే 1350 అని, 1420 అయితే 1420 అని నివేదిస్తుంది. షరతుల లెక్కలో ఇది చేరదు, ఎనిమిది ఎనిమిదిగానే ఉంటాయి. చదివిన ఆ సంఖ్యను సూత్రంలో వాడుకోవాలంటే మాత్రం కొలత తీసిన తలాలు గోడ గడి నేరుగా నడిపే తలాలై ఉండాలి. మనం సొంతంగా గీసుకున్న తలాల మధ్య దూరాన్ని చదివి మళ్లీ సూత్రంలో పెట్టనివ్వదు. కారణం సహేతుకమే. రెక్క తలాన్ని చదివి, ఆ తలాన్నే రెక్కతో జరిపితే, ఎవరి మాట ఎవరు వింటున్నారో తేలని గుండ్రటి గొలుసు ఏర్పడుతుంది. సమాచారం గోడ నుంచి గడికి, గడి నుంచి ప్యానెల్‌కు, ప్యానెల్ నుంచి రెక్కకు పైనుంచి కిందికే ప్రవహించాలి.

ఆ ప్రవాహానికి మరో నియమం ఉంది. రెవిట్‌లో కొన్ని కొలతలు రకం మొత్తానికీ ఒకటే, కొన్ని ఒక్కో ప్రతికీ వేరు. మొదటివి టైప్ పారామీటర్లు, రెండోవి ఇన్‌స్టెన్స్ పారామీటర్లు. గడి నుంచి చదివిన వెడల్పు ప్రతి ప్యానెల్‌కూ వేరు కాబట్టి అది ఇన్‌స్టెన్స్ కిందికి వస్తుంది. రెక్క వెడల్పును టైప్‌గా రాసి ఉంటే ఈ రెండూ ముడిపడవు. ఒక ప్యానెల్ కోసం రకం మొత్తాన్నీ మార్చడం కుదరదు మరి. రెక్క సొంత ఫైలు (రెవిట్‌లో దీన్ని ఫ్యామిలీ అంటారు) తెరిచి దాని వెడల్పును ఇన్‌స్టెన్స్‌గా మార్చి మళ్లీ తెచ్చుకుంటే ముడి పడుతుంది.

ఇక రెక్కను చట్రంలో కూర్చోబెట్టడం. దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, రెక్క రెండు అంచులనూ చట్రం తలాలకు అలైన్ చేసి తాళం వేయడం. అప్పుడు వెడల్పు దానంతట అదే వస్తుంది, సంఖ్య చెప్పకూడదు. రెండు, ఒక అంచుకు మాత్రమే తాళం వేసి వెడల్పును సూత్రంతో ఇవ్వడం. అప్పుడు రెండో అంచును ముట్టుకోకూడదు. ఏ దారైనా మంచిదే. రెండు అంచులకూ తాళం వేసి సూత్రం కూడా ఇస్తే మళ్లీ తొమ్మిదో షరతు పుట్టినట్టే.

కొన్ని సందర్భాల్లో గడిలోని ప్యానెల్‌ను తీసి, దాని స్థానంలో మరో చిన్న కర్టెన్ వాల్‌నే పెట్టవచ్చు. పెద్ద గోడ గడి దాని సరిహద్దు అవుతుంది, లోపల దానికి సొంత గళ్లు ఉంటాయి. ఇక్కడా అదే విచక్షణ కావాలి. లోపలి గళ్లను ‘ఇంత దూరానికి ఒకటి’ అని నిర్ణయిస్తే బయటి గడి మారినప్పుడు చివర ఒక సన్నని ముక్క మిగులుతుంది. ‘మొత్తం మూడు’ అని సంఖ్య చెబితే అవి సమానంగా సర్దుకుంటాయి. దూరం చెప్పాలా, సంఖ్య చెప్పాలా అన్నది సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన ప్రశ్న కాదు. ఏది మారినా పర్వాలేదు, ఏది మారకూడదు అని భవనం గురించి మనం తీసుకునే నిర్ణయం.

చివరి గడి పరీక్ష

మంచి ప్యానెల్‌కూ చెడ్డ ప్యానెల్‌కూ తేడా గోడ మధ్యలో తెలియదు, గోడ చివర తెలుస్తుంది. 1500 చొప్పున గళ్లు వేసుకుంటూ పోతే 9,150 మిల్లీమీటర్ల గోడలో ఆరు నిండు గళ్లు పోగా చివర 150 మిగులుతుంది. మన సూత్రం ప్రకారం 150లోంచి 150 తీసేసి రెండుతో భాగిస్తే రెక్క వెడల్పు సున్నా. సున్నా వెడల్పు వస్తువును సాఫ్ట్‌వేర్ గీయలేదు. అసలు అంగుళంలో ముప్పై రెండో వంతు, అంటే సుమారు 0.8 మిల్లీమీటర్ కంటే పొట్టి గీతను రెవిట్ గీయదు. అంతటి గోడా ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోతుంది.

దీనికి విరుగుడు ఉంది. వెడల్పు 700 కంటే తక్కువైతే రెక్కలు కనిపించవద్దు, ఒట్టి అద్దం పెట్టు అని అవును-కాదు పారామీటర్‌తో చెప్పవచ్చు. అయితే కనిపించకుండా చేస్తే సరిపోదు. కంటికి దాచిన వస్తువును కూడా సాఫ్ట్‌వేర్ లోపల లెక్కవేస్తూనే ఉంటుంది, సున్నా వస్తే విరుగుతూనే ఉంటుంది. అందుకని వెడల్పు 700 కంటే తక్కువైతే రెక్కను 275గా ఉంచు, లేకపోతే సూత్రం ప్రకారం లెక్కవేయి అని రెండో షరతు కూడా రాయాలి. 700 దగ్గర సూత్రం ఇచ్చేదీ 275 కాబట్టి ఆ హద్దు దగ్గర గెంతు ఉండదు. దాగిన రెక్క నిశ్శబ్దంగా 275 దగ్గర ఆగి ఉంటుంది.

అనుభవమున్నవారు అద్దం, చట్రం గీయకముందే ఒట్టి తలాలతో ఈ పరీక్ష చేస్తారు. 1500ను 3000 చేస్తారు, 700 చేస్తారు, 150 చేస్తారు. తలాలన్నీ చెప్పిన మాట విన్నాకే వస్తువును వాటికి కడతారు. వాడుకలో దీన్ని ఫ్లెక్స్ చేయడం అంటారు. పది నిమిషాల ఈ పని వారాల తిరుగుపనిని తప్పిస్తుంది.

అద్దానికీ అదే నియమం

ఇదంతా తెర మీది ఇబ్బందే అనుకుంటే పొరపాటు. సదర్లాండ్ తన ప్రోగ్రాం రాసిన బోస్టన్ పరిసరాల్లోనే, అతిగా బిగించడం అంటే ఏమిటో ప్రపంచానికి చూపిన భవనం ఉంది. కోప్లీ స్క్వేర్‌లో హెన్రీ కాబ్ రూపకల్పన చేసిన 60 అంతస్తుల జాన్ హాన్‌కాక్ టవర్. కట్టడం ఇంకా పూర్తికాకముందే 1973 జనవరిలో గాలివానకు దాని అద్దాలు పగిలి పడటం మొదలైంది. ఒక్కో పలక బరువు దాదాపు 227 కిలోలు. పగిలినచోటల్లా ప్లైవుడ్ కొట్టారు. చివరికి మొత్తం 10,344 పలకలనూ మార్చాల్సి వచ్చింది. భవనం ప్రారంభోత్సవం 1976లో జరిగింది.

అద్దం బలహీనం కాదు. ఆ పలకలు ఒక్కొక్కటీ రెండు అద్దాలను మధ్యలో ఖాళీ ఉంచి అంచుల్లో కలిపిన జోడీ. కలిపింది సీసపు టంకంతో. ఆ అతుకు అవసరానికి మించి గట్టిది. ఎండకు సాగినప్పుడు, గాలికి వంగినప్పుడు అద్దానికి కావలసిన కాస్త కదలికను అది ఇవ్వలేదు. కదలాల్సిన బలమంతా అద్దం అంచు మీదే పడి సన్నని చీలికలు తెచ్చింది. కదలిక అవసరమైన చోట బిగింపు పడింది. ప్యానెల్‌లో తొమ్మిదో షరతు చేసే పనీ ఇదే.

ఆ కదలిక ఎంతో లెక్కవేయవచ్చు. అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. శీతకాలం తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ లోహం ఉష్ణోగ్రతలో 40 డిగ్రీల తేడా అనుకుంటే, 3.6 మీటర్ల ములియన్ 3.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే పొడవున్న అద్దం దాదాపు 1.3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. లోహానికీ అద్దానికీ మధ్య ఈ రెండు మిల్లీమీటర్ల తేడాకు చోటు లేకపోతే అద్దం ఓడిపోతుంది.

అందుకే సైటులో ఫిట్టర్ ములియన్‌ను ఒకచోట గట్టిగా బిగించి, రెండో చోట పొడవాటి రంధ్రంలో బోల్టు జారేలా వదులుతాడు. కింది ములియన్‌కూ పై ములియన్‌కూ మధ్య, రెండింటినీ కలిపే స్లీవ్ దగ్గర, కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంచుతాడు. అద్దాన్ని అడుగున రెండు దిమ్మల మీద నిలబెట్టి, మిగతా మూడు వైపులా చట్రానికి తగలకుండా రబ్బరుతో పట్టిస్తాడు. అద్దం ఎక్కడ నిలవాలో అడుగు దిమ్మలు చెబుతాయి. మిగతా అంచులు ఉన్నదాన్ని అనుసరిస్తాయి. ఒక అంచుకు తాళం వేసి రెండోదాన్ని ముట్టుకోవద్దన్న మాట ఇక్కడ లోహంలో, రబ్బరులో పాటిస్తున్నారు.

భవన నమూనాలు చేసే యువతీయువకులకు నా విన్నపం ఒక్కటే. ప్యానెల్ గీయడానికి ముందు ఒక కాగితం తీసుకుని అందులోని కొలతలన్నీ వరసగా రాయండి. ఒక్కో కొలత ఎదురుగా దాన్ని నిర్ణయించేదెవరో ఒక్క పేరు రాయండి. రెండు పేర్లు వస్తే ఒకటి కొట్టేయండి. ఏ పేరూ రాకపోతే ఒకటి వెతకండి. ఆ జాబితా పూర్తయ్యాకే మౌస్ మీద చేయి వేయండి. మీరు ఈరోజు తెర మీద వదిలిన తొమ్మిదో షరతు రేపు తయారీ డ్రాయింగ్‌లోకి, ఆ తర్వాత కోసిన అద్దంలోకి వెళుతుంది. తెర మీది తప్పును సరిదిద్దవచ్చు. కోసి గట్టిపరిచిన (టఫెన్డ్) అద్దాన్ని మాత్రం మళ్లీ ఒక మిల్లీమీటర్ కూడా చెక్కలేరు.